ఎత్తలేకపోయిన క్షణంలో ఆదుకునేవి ఏవి?

2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో పోటీపడిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (నేల నుంచి ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకు, ఆ తరువాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారని, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యారని తెలుగునాట చాలామందికి తెలుసు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళిన ఆమె అదే రోజు చివరి ప్రయత్నంలో స్వర్ణం కోసం 137.5 కిలోలకు సిద్ధపడి, దాన్ని ఎత్తలేకపోయారన్నది మాత్రం అంతగా ఎవరికీ గుర్తుండని సంగతి. బరువులెత్తేవారి రక్షణ గురించి ఆలోచించడానికి ఆ విఫల ప్రయత్నమే సరైన చోటు. తన శరీరబరువుకు దాదాపు రెట్టింపు బరువు అదుపు తప్పిన తరువాత కూడా ఆ క్రీడాకారిణి నడిచివెళ్ళి పతకం అందుకోగలిగారంటే, ఆ పోటీ వేదికను బరువు కింద పడుతుందన్న లెక్కతోనే కట్టి ఉండడం అందుకు ముఖ్యమైన కారణం.

నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న ఖాళీ వేదిక, కింద పడినా పగలని రబ్బరు ప్లేట్లు, బరువును వదిలేసి పక్కకు తప్పుకోవడం చిన్ననాటి నుంచే నేర్పిన శిక్షణ, ఈ మూడూ కలిసి ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రక్షణ ఏర్పాటుగా పనిచేస్తాయి. ఇందులో క్రీడాకారుల ఒంటి మీద ఉండేది ఒక్కటీ లేదు. మన ఊళ్ళలోని జిమ్‌లో రక్షణ సాధనాలంటే ఏమిటని అడిగితే వచ్చే జవాబు ఇందుకు పూర్తిగా భిన్నంగా ఉంటుంది. బెల్టు, గ్లవ్స్, మణికట్టుకు చుట్టుకునే ర్యాప్‌లు, మోకాలి స్లీవులు, స్ట్రాపులు అంటూ సంచిలో పట్టే వస్తువుల పేర్లే వినిపిస్తాయి. వీటిలో ఎక్కువ భాగం బరువు ఎత్తుతున్నంతసేపు సాయపడేవి. బరువు ఎత్తలేకపోయిన క్షణంలో మాత్రం ఇవి ఎందుకూ పనికిరావు. ఆ క్షణంలో పనికొచ్చేవి రాడ్‌ను ఆనించే ర్యాక్‌కు ఉండే అడ్డకడ్డీలు, రాడ్ చివర బిగించే లాకులు, నేల మీది పరుపు, పక్కనుండే మనిషి. మొదటి రకం వస్తువులను వ్యాయామం చేసేవారు సొంత డబ్బుతో కొనుక్కుంటారు, రెండో రకం జిమ్ యజమాని సమకూర్చాలి. ప్రకటనలన్నీ మొదటి రకం చుట్టూ, ప్రాణాంతక ప్రమాదాలు ఎక్కువగా రెండో రకం లేనిచోట ఉండడమే ఈ విషయంలో ఉన్న పెద్ద లోపం.

పడుతున్న బరువును చేతులతో ఆపవచ్చన్న నమ్మకం ఎంత తప్పో చిన్న లెక్కతో తెలుస్తుంది. రాడ్‌తో కలిపి 60 కిలోల బరువు 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారి, ఛాతీ మీద 3 సెంటీమీటర్లు నొక్కుకుపోయి ఆగిందనుకుంటే, ఆ ఆగే క్షణంలో శరీరం మీద సగటున 660 కిలోలు మోపినంత బలం పడుతుంది. అంటే పదకొండు రెట్లు. 60 కిలోల బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని రాడ్‌ను ఛాతీ మీంచి పైకి నెట్టడం) అన్నది ఏడాది పాటు సాధన చేసిన యువకుడికి పెద్ద బరువేమీ కాదు, కాబట్టి ఈ ప్రమాదం కేవలం పోటీల వాళ్ళకు సంబంధించినదని అనుకోవడానికి వీల్లేదు. పైగా బెంచ్ ప్రెస్‌లో మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు, రాడ్ సరిగ్గా ఛాతీకి, గొంతుకు, ముఖానికి పైన తిరుగుతూ ఉంటుంది, కింద బల్ల ఉంటుంది కనుక వెనక్కి జరిగే దారి కూడా ఉండదు. మిగతా వ్యాయామాల్లో బరువును వదిలేసి తప్పుకునే అవకాశం ఎంతోకొంత ఉంటుంది. ఇందులో ఆ అవకాశం లేనందువల్లే ఒంటరిగా, ఇంట్లో గాని ఖాళీగా ఉన్న జిమ్‌లో గాని, బెంచ్ ప్రెస్ చేయడం అన్నింటికన్నా ప్రమాదకరమైనదిగా శిక్షకులు పరిగణిస్తారు.

బొటనవేలిని రాడ్ చుట్టూ తిప్పకుండా మిగిలిన నాలుగు వేళ్ళ వైపే పెట్టి పట్టుకునే పద్ధతి ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది. భుజానికి హాయిగా ఉంటుందని, ఛాతీ మీద పని ఎక్కువ పడుతుందని కొందరు అలా పడతారు. రాడ్ అరచేతి మీద ఊరికే ఆని ఉంటుంది, చెమట పట్టిన చేతిలోంచి అది ముందుకు దొర్లితే ఆపడానికి ఏ వేలూ అడ్డుండదు. ఇంగ్లిషులో దీనికి ఆత్మహత్య పట్టు అన్న పేరు ఊరికే రాలేదు. పవర్‌లిఫ్టింగ్ అంటే స్క్వాట్ (రాడ్‌ను భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ను తొడల దాకా ఎత్తి నిలబడడం) అనే మూడింటి పోటీ. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య తన పోటీల్లో బెంచ్ ప్రెస్‌కు ఈ పట్టును నిషేధించింది. బొటనవేలిని చుట్టి పట్టడం డబ్బు ఖర్చు లేని రక్షణ, అయినా దీని గురించి చెప్పే శిక్షకులు తక్కువ.

వెనుక మనిషి ఉంటే చాలునన్న ధీమా కూడా ఒక హద్దు వరకే పనికొస్తుంది. 2025 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని బికనేర్‌లో 17 ఏళ్ళ పవర్‌లిఫ్టింగ్ క్రీడాకారిణి ఒకరు 270 కిలోలతో స్క్వాట్ సాధన చేస్తుండగా రాడ్ మెడ మీద పడి మరణించింది. ఆ సమయంలో శిక్షకుడు అక్కడే ఉన్నాడు. ఆ వార్త దేశమంతా చూసింది, కొన్నాళ్ళు బాధపడింది, కాని దాని నుంచి నేర్చుకోవలసిన సాంకేతిక పాఠం జిమ్‌లదాకా చేరినట్టు కనిపించదు. 270 కిలోలు భుజాల మీంచి జారడం మొదలైతే దాన్ని ఒక మనిషి రెండు చేతులతో ఆపగలగడం ఎవరికీ సాధ్యం కాని పని. అందుకే అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం పోటీ వేదిక మీద బరువు పట్టుకునే సహాయకులు కనీసం ఇద్దరు, గరిష్ఠంగా ఐదుగురు ఉంటారు, స్క్వాట్‌కు వారు రాడ్ రెండు చివరల దగ్గరా నిలబడతారు. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. స్క్వాట్‌లో లేవలేకపోయిన మనిషికి ఉన్న ఒకే మార్గం ముందుకు అడుగు వేస్తూ రాడ్‌ను వెనక్కి జారవిడవడం. సరిగ్గా వెనకే మరో మనిషి ఆనుకుని నిలబడి ఉంటే ఆ మార్గం మూసుకుపోతుంది, వదిలితే అతని మోకాళ్ళ మీద పడుతుంది. సాయానికని నిలబడిన మనిషే తప్పించుకునే దారికి అడ్డమయ్యే పరిస్థితి ఇది. ఒక్కరే వెనకుండి పట్టుకోవడమన్నది తేలికపాటి బరువుల్లో, చివరి ఒకటి రెండు సార్లకు కాస్త ఊతమివ్వడానికి పనికొచ్చే పద్ధతి. అంతకు మించిన బరువుకు ఇనుమునే నమ్మాలి.

ఆ ఇనుము పేరు పవర్ ర్యాక్. నాలుగు నిలువు స్తంభాలు, వాటికి వరుసగా రంధ్రాలు, ఆ రంధ్రాల్లో రెండు వైపులా అమర్చే అడ్డకడ్డీలు, ఇంతే దాని నిర్మాణం. ఈ కడ్డీలను జిమ్‌లలో సేఫ్టీ బార్లనీ, పిన్నులనీ అంటారు. రాడ్ ఎంత బలంగా పడినా అవి పట్టుకుంటాయి, అలసిపోవు, ఫోన్ చూస్తూ పరధ్యానంలో ఉండవు. కాని వాటి ఎత్తు సరిగ్గా పెట్టడం తెలిసి ఉండాలి, చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే.

బెంచ్ ప్రెస్‌కు ఆ ఎత్తును కుదుర్చుకునే తీరు ఇలా ఉంటుంది. ముందుగా ఖాళీ రాడ్‌తో బల్ల మీద పడుకుని, భుజాలు వెనక్కి బిగించి, ఛాతీ పైకి లేపి, అసలు బరువుతో చేసేటప్పుడు ఎలా పడుకుంటారో అచ్చం అలాగే పడుకోవాలి. రాడ్‌ను ఛాతీకి ఆనించాలి. ఆ స్థితిలో అది సేఫ్టీ బార్లకు తగలకూడదు, రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి. ఇప్పుడు ఊపిరి పూర్తిగా వదిలి, వీపు బల్లకు ఆనేలా చదునుగా పడుకోవాలి. ఛాతీ కిందికి దిగుతుంది, రాడ్ రెండు బార్ల మీదా ఆగిపోతుంది, ఛాతీకి రాడ్‌కు మధ్య చేయి దూర్చగలిగేంత సందు ఏర్పడుతుంది. చివరగా రాడ్‌ను ఆ బార్ల మీదే గొంతు వైపు దొర్లించి చూడాలి, గొంతుకు గాని ముఖానికి గాని తగలకుండా పైనుంచే వెళితే అమరిక సరిగా ఉన్నట్టు. కొన్ని ర్యాకుల్లో రంధ్రాల మధ్య దూరం అయిదు సెంటీమీటర్లు ఉంటుంది, ఒక రంధ్రం మరీ ఎత్తుగా, కిందిది మరీ పల్లంగా పడుతుంది. అప్పుడు బల్ల కాళ్ళ కింద గట్టి రబ్బరు పలక వేసి బల్లనే కాస్త ఎత్తు చేసుకోవచ్చు. మొత్తం రెండు నిమిషాల పని. స్క్వాట్‌కు ఇంకా తేలిక, పూర్తిగా కూర్చున్నప్పుడు రాడ్ ఎక్కడి వరకు దిగుతుందో దానికి మూడు నాలుగు సెంటీమీటర్ల దిగువన కడ్డీలు ఉంటే చాలు.

చిన్న జిమ్‌లలో పవర్ ర్యాక్ ఉండకపోవచ్చు. రెండు కొమ్ముల బెంచ్, అదీ లేకపోతే ఊగే స్టాండు మాత్రమే ఉన్న జిమ్‌లు మండల కేంద్రాల్లోనే గాక నగరాల్లో కూడా ఉన్నాయి. అటువంటి చోట ఒంటరిగా బెంచ్ ప్రెస్ చేయవలసి వస్తే డంబెల్స్‌తో చేయడం మేలు, అలసిపోతే రెండు చేతులూ పక్కలకు దించి వదిలేయవచ్చు. నేల మీద పడుకుని చేసే ప్రెస్‌లో మోచేతులు నేలకు ఆని ఆగిపోతాయి కనుక అదీ కొంత నయం. స్మిత్ మెషీన్ మీద ఉన్న నమ్మకం విషయంలో మాత్రం ఒక హెచ్చరిక అవసరం. పట్టాల మీద నడిచే ఆ రాడ్‌ను మణికట్టు తిప్పి కొక్కేనికి తగిలించవచ్చన్నది నిజమే అయినా, శక్తి పూర్తిగా అయిపోయిన చేతులకు ఆ తిప్పడం కూడా కుదరకపోవచ్చు. అందుకే దాని అడుగున రెండు వైపులా జరుపుకోగల అడ్డులు ఇచ్చి ఉంటారు. ఎవరూ ముట్టుకోక అవి ఏళ్ళ తరబడి అట్టడుగు స్థానంలోనే ఉండిపోవడం చాలా జిమ్‌లలో కనిపించే దృశ్యం.

రాడ్ చివర బిగించే లాకుల సంగతి కొంచెం మెలిక ఉన్నది. స్ప్రింగు క్లిప్పు అయినా, ప్లాస్టిక్ లాకైనా, మర తిప్పే రకమైనా దాని పని ప్లేట్లు జారకుండా ఆపడం. రాడ్ ఒక వైపుకు వాలితే లాకు లేని ప్లేట్లు జారి పడతాయి, ఆ వైపు ఒక్కసారిగా తేలికై, బరువున్న రెండో వైపు విసురుగా కిందికి తిరుగుతుంది, పక్కనున్న అద్దాలూ మనుషులూ ఆ విసురుకు బలవుతారు. కాబట్టి లాకులు వేయడమే నియమం. అయితే సేఫ్టీ బార్లు లేని బెంచ్ మీద ఒంటరిగా చేసేవారికి లాకులు వేయవద్దని, ఛాతీ మీద రాడ్ ఆగిపోతే ఒక పక్కకు వంచి ప్లేట్లు జార్చి బయటపడవచ్చని చెప్పేవారూ ఉన్నారు. ఆ సలహాలో తర్కం ఉంది, ఆ దారిన బయటపడడమూ సాధ్యమే. కాని అది గత్యంతరం లేనప్పటి ఉపాయం, పైగా చుట్టుపక్కల వాళ్ళకు ప్రమాదం. సేఫ్టీ బార్లు ఉన్న ర్యాక్‌లో చేస్తే ఈ సందేహమే తలెత్తదు.

వ్యాయామం అయిపోయిన తరువాత ప్లేట్లు తీసేటప్పుడు జరిగే ప్రమాదం దీనికి దగ్గరి చుట్టమే. ఒక వైపు ప్లేట్లన్నీ తీసేసి రెండో వైపుకు వెళ్ళేలోపు రాడ్ తిరగబడడం అప్పుడప్పుడు ప్రతి జిమ్‌లోనూ జరుగుతుంది. 20 కిలోల ఒలింపిక్ రాడ్‌ను 90 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు కొమ్ముల మీద పెట్టారనుకుందాం. ప్లేట్లు రాడ్ మధ్య నుంచి సుమారు 72 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి, అంటే కొమ్ముకు 27 సెంటీమీటర్లు బయట. కొమ్మును ఆధారంగా తీసుకుని తూకం వేస్తే ఒక వైపున దాదాపు 33 కిలోలు దాటగానే రాడ్ లేచిపోతుంది. ఒక 20 కిలోల ప్లేటు మిగిలితే నిలుస్తుంది, రెండు మిగిలితే నిలవదు. ఇవే కొలతలతో రాడ్ 10 కిలోలదే అయితే 17 కిలోలకే తిరగబడుతుంది, ఒక్క 20 కిలోల ప్లేటు చాలు. అందరికీ తెలిసిన పెద్ద రాడ్‌తో అలవాటైనవారు సన్న రాడ్ దగ్గర పొరబడేది ఇందుకే. రెండు వైపులా ఒక్కొక్కటిగా, మార్చి మార్చి తీయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ప్లేట్ల వ్యాసానికీ ప్రాణానికీ ఉన్న సంబంధం ఇంకా ఆసక్తికరమైనది. ఒలింపిక్ పోటీల్లో వాడే పెద్ద ప్లేట్లు, 10 కిలోల ఆకుపచ్చవైనా 25 కిలోల ఎర్రవైనా, అన్నీ 45 సెంటీమీటర్ల వ్యాసంతోనే ఉంటాయి. అందువల్ల అవి నేలను తాకిన తరువాత రాడ్ నేలకు 21 సెంటీమీటర్ల పైనే ఆగిపోతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జర్మనీకి చెందిన మథియాస్ స్టైనర్ 196 కిలోల స్నాచ్ ప్రయత్నంలో కుప్పకూలినప్పుడు ఆ రాడ్ ఆయన మెడ మీదే పడింది, పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది గాని, ఆయన లేచి నడవగలిగారు. రాడ్‌కు నేలకు మధ్య ఆ సందు లేకుంటే పరిస్థితి వేరుగా ఉండేది. మన జిమ్‌లలో మామూలుగా కనిపించే 5 కిలోల ఇనప ప్లేటు వ్యాసం ఇందులో దాదాపు సగమే ఉంటుంది. అవి మాత్రమే తగిలించిన రాడ్‌తో నేల మీద పడుకుని వ్యాయామం చేసేవారికి, తల మీదుగా ఎత్తేవారికి ఈ సందు రక్షణ దొరకదు. బరువు తక్కువే కదా అన్న సమాధానం ఇక్కడ చెల్లదు. మొదటి మెట్టు మీద ఉన్నవారి కోసమే తేలికైనా పూర్తి వ్యాసం ఉన్న రబ్బరు ప్లేట్లు తయారవుతున్నాయి, నేర్పే జిమ్‌లో కనీసం ఒక జత ఉండాలి.

ఇక ఒంటి మీద ధరించే వాటి దగ్గరికి వస్తే, అన్నింటిలోకి ఎక్కువ అపోహలు బెల్టు చుట్టూ ఉన్నాయి. తాలింఖానాల కాలం నుంచి నడుముకు ఏదో ఒకటి బిగించి బరువెత్తడం మనకు అలవాటే, గోచీ బిగించకుండా సాము చేస్తే పేగు జారుతుందన్న మాట పెద్దల నోట నేటికీ వినిపిస్తుంది. బెల్టును కూడా నడుము పడిపోకుండా పట్టి ఉంచే కట్టులా భావించేవారే ఎక్కువ. నిజానికి బెల్టు వెన్నును బయటి నుంచి మోయదు. నిండా ఊపిరి పీల్చి, గొంతు బిగించి, పొట్ట కండరాలను బిగబట్టినప్పుడు ఉదర కుహరంలో ఒత్తిడి పెరిగి వెన్నుకు ముందు నుంచి దన్నుగా నిలుస్తుంది. బెల్టు ఆ పొట్టకు ఎదురుగా ఒక గోడలా నిలిచి, దాన్ని నొక్కి ఇంకా ఎక్కువ ఒత్తిడి పుట్టించే వీలు కల్పిస్తుంది. అంటే పని చేయవలసింది పొట్టే, బెల్టు ఆసరా మాత్రమే. ఈ కిటుకు తెలియక బెల్టు బిగించి పొట్ట వదులుగా ఉంచేవారికి అది అలంకారంగానే మిగులుతుంది. వెనుక వెడల్పుగా, ముందు సన్నగా ఉండే రకం బెల్టులు చూడటానికి వీపును కాపాడేలా ఉంటాయి గాని, పొట్ట నొక్కవలసిన ముందు భాగంలోనే వెడల్పు లేకపోవడం వల్ల వాటి ఉపయోగం తక్కువ. చుట్టూ ఒకే వెడల్పుతో, 10 సెంటీమీటర్లకు మించకుండా ఉండే తోలు బెల్టును పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో అనుమతిస్తారు.

అమెరికాలో వృత్తి భద్రతను పరిశోధించే ప్రభుత్వ సంస్థ నైయోష్ 1994లో గోదాముల్లో, కర్మాగారాల్లో బరువులు మోసే కార్మికుల నడుము బెల్టుల మీద ఉన్న ఆధారాలను సమీక్షించి, అవి గాయాలను నివారిస్తాయని చెప్పడానికి తగిన రుజువు లేదని తేల్చింది. ఆ సమీక్ష జిమ్‌లో వాడే తోలు బెల్టు గురించి చేసినది కాదు. అయినా బెల్టు పెట్టుకున్నాను కాబట్టి ఇంకో పది కిలోలు వేయవచ్చన్న ఆలోచన ఎంత బలహీనమైన పునాది మీద నిలబడి ఉందో అది గుర్తుచేస్తుంది.

ఊపిరి బిగబట్టడంతో వచ్చే రక్తపోటు సంగతి దీనికి అనుబంధంగా చెప్పుకోక తప్పదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1985లో ప్రచురించిన అధ్యయనంలో, సాధనలో ఆరితేరిన దేహదారుఢ్య క్రీడాకారుల రక్తనాళంలోనే సాధనం అమర్చి కొలిచినప్పుడు, రెండు కాళ్ళతో బరువును నెట్టే లెగ్ ప్రెస్‌లో రక్తపోటు సగటున 320/250కి చేరింది, ఒకరిలో 480/350ని దాటింది. ఇవి క్షణకాలం ఉండి తగ్గిపోయే అంకెలు, ఆరోగ్యవంతుల శరీరం వీటిని తట్టుకుంది. రక్తపోటు ఉండి కూడా పరీక్ష చేయించుకోని నలభై ఏళ్ళ మనిషి బెల్టు బిగించి, ఊపిరి బిగబట్టి పెద్ద బరువు కిందికి వెళ్ళడం వేరే సంగతి. ఆ వయసులో జిమ్‌లో చేరేవారికి బెల్టు కొనడం కంటే ముందు చేయించుకోవలసినది బీపీ పరీక్ష. బరువును పైకి నెట్టేటప్పుడు ఊపిరి వదలడం అన్న పాత పద్ధతి, తేలికపాటి నుంచి మధ్యరకం బరువుల వరకు, వారికి తగినది.

మిగిలిన వాటి గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మణికట్టు ర్యాప్‌లు బెంచ్ ప్రెస్‌లో మణికట్టు వెనక్కి మడవకుండా పట్టి ఉంచుతాయి, కీలుకు పైనా కిందా రెండు వైపులా చుడితేనే ఆ పని జరుగుతుంది, ముంజేతికి మాత్రమే చుట్టుకుంటే ఏమీ జరగదు. మోకాలి స్లీవులు కీలును వెచ్చగా ఉంచి కొంత ధైర్యాన్నిస్తాయి. సాగే బట్టతో గట్టిగా చుట్టే మోకాలి ర్యాప్‌లు వేరు, అవి కూర్చున్నప్పుడు సాగి లేచేటప్పుడు రబ్బరులా తోస్తాయి, బరువు పెంచుకోవడానికి ఉపయోగపడే ఆ వస్తువును రక్షణ పేరుతో మోకాలి నొప్పి ఉన్నవారికి అంటగట్టడం సరికాదు. మణికట్టును రాడ్‌కు కట్టే స్ట్రాపులు డెడ్‌లిఫ్ట్‌లో పట్టుకు సాయం. వాటిని స్నాచ్‌లో వాడేవారు బరువు వదలగానే పట్టు కూడా విడిపోయే రకాన్నే ఎంచుకోవాలి, రాడ్‌ను భుజాల దాకా ఎత్తే క్లీన్‌లో అసలు వాడకూడదు, రాడ్‌కు కట్టేసి ఉన్న మణికట్టు విరిగే ప్రమాదముంది. గ్లవ్స్ అరచేతిలో కాయలు కాయకుండా చూస్తాయి, కాని రాడ్ లావును పెంచి పట్టును తగ్గిస్తాయి. తీరప్రాంతపు ఉక్కపోతలో, మే నెలలో, చేతికి చెమట పట్టి రాడ్ జారడమే అసలు సమస్య. దానికి మందు మెగ్నీషియం కార్బొనేట్ పొడి. బడిలో బోర్డు మీద రాసే సుద్ద ఇది కాదు, ముఖానికి రాసే టాల్కం పౌడర్ అంతకన్నా కాదు. టాల్కం జారుడును పెంచుతుంది, డెడ్‌లిఫ్ట్ పోటీల్లో రాడ్ సాఫీగా జారడానికి తొడలకు రాసుకునేది దాన్నే. ఏసీ ఉన్న జిమ్‌లలో పొడి ఎగురుతుందని అభ్యంతరం చెబితే, రాసుకోగానే ఆరిపోయే ద్రవరూపంలోనూ అది దొరుకుతుంది.

బూట్ల విషయంలో ఖరీదైనవే తప్పుదారి పట్టిస్తాయి. పరుగు కోసం చేసిన మెత్తని అడుగు, పాదం నేలను తాకినప్పుడు అదురును మింగడానికి ఉద్దేశించినది. వంద కిలోలు భుజాన ఉన్నప్పుడు అదే మెత్తదనం మడమను అటూ ఇటూ ఊగేలా చేస్తుంది. పలచని గట్టి అడుగు ఉన్న కాన్వాసు బూట్లు దీనికన్నా మేలు. మడమ ఎత్తుగా, గట్టిగా ఉండే వెయిట్‌లిఫ్టింగ్ బూట్లు చీలమండ సరిగా వంగనివారికి స్క్వాట్‌లో నడుము నిటారుగా ఉంచుకోవడానికి తోడ్పడతాయి. చెప్పులతో మాత్రం బరువుల దగ్గరికి రానివ్వకూడదు.

మెషీన్లు క్షేమమైనవన్న భావన చాలావరకు నిజమే, అయితే వాటి క్షేమమంతా ఒక ఉక్కు తీగ మీద, ఒక పిన్ను మీద వేలాడుతూ ఉంటుంది. పైనున్న కడ్డీని కిందికి లాగే పుల్‌డౌన్ మెషీన్ తీగ మధ్యలో అరుదుగా తెగుతుంది, కప్పీ మీదుగా ఎక్కువసార్లు వంగే చోట, కొక్కేనికి బిగించిన చివర దగ్గర తెగుతుంది. పైనున్న ప్లాస్టిక్ తొడుగు అక్కడ మొదట పగులుతుంది, ఆ పగులులోంచి సన్నని ఉక్కు పోగులు వెంట్రుకల్లా బయటికి పొడుచుకొస్తాయి. ఒక కాగితపు రుమాలును తీగ వెంట నెమ్మదిగా జరిపితే అది ఆ పోగులకు చిక్కుకుని చిరుగుతుంది, అదే తీగ మార్చవలసిన గుర్తు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర నగరాల్లో ఉప్పుగాలికి తుప్పు కూడా తోడవుతుంది కనుక ఈ పరీక్ష అక్కడ ఇంకా తరచుగా జరగాలి. బరువుల దొంతరలో గుచ్చే పిన్ను పోయినప్పుడు మేకో, స్క్రూడ్రైవరో గుచ్చి నడిపించడం ఇంకో దురలవాటు. అసలు పిన్ను లోపలికి వెళ్ళి కుదురుకునేలా చేసి ఉంటుంది, మేకు ప్రతి కుదుపుకూ కొంచెం కొంచెం బయటికి జరుగుతుంది.

ఇవన్నీ చూస్తే నెలకు ఇంతని రుసుము కట్టి చేరేవారు జిమ్‌ను ఏ కళ్ళతో చూడాలో కొంత స్పష్టమవుతుంది. అద్దాలు, లైట్లు, సంగీతం, ట్రెడ్‌మిల్లుల వరుస ముందుగా కనబడేలా అమర్చుతారు. బరువుల మూలకు వెళ్ళి ర్యాక్ దగ్గర ఆగి, సేఫ్టీ బార్లు రెండూ ఉన్నాయా, ఒక్కటే మిగిలిందా, కదిపితే కదులుతాయా, తుప్పు పట్టి బిగుసుకుపోయాయా అన్నది చూడాలి. వాటి పై అంచున రంగు లేచిపోయి, రాడ్ పడినచోట్ల సొట్టలు, గీతలు కనిపించాయంటే ఆ జిమ్‌లో వాటిని వాడుతున్నారని అర్థం. రంగు చెక్కుచెదరకుండా, దుమ్ము పట్టి, అట్టడుగు రంధ్రంలో ఉన్న బార్లు కనిపిస్తే, వాటి ఎత్తు ఎలా మార్చాలో చూపించమని అక్కడి శిక్షకుడిని అడిగి, అతను ఎన్ని నిమిషాల్లో చూపించగలుగుతాడో గమనించి, ఆ తరువాతే రుసుము కట్టడం మంచిది.